తీగకు మనిషికి నడుమ

పల్లె పొలిమేరలోనైనను, పట్టణపు సందులోనైనను తల యెత్తి చూచినచో నేడు ఆకాశముకంటె ముందు కరెంటు తీగలు కనబడును. వానిని చూచి భయపడువారు అరుదు. కాకులు వానిపై వాలును, గాలిపటములు చిక్కుకొనును, వాన వెలిసిన తరువాత చినుకులు వరుసగా వ్రేలాడును. నిప్పు తన రాకను పొగతో తెలుపును. ఏరు పొంగినచో హోరు వినబడును. పాము సైతము బుసకొట్టును. తీగలోని విద్యుత్తు మాత్రము ఏ సూచనయు ఈయదు. పదకొండు వేల వోల్టుల తీగయు, ప్రవాహము లేని ఉత్త తీగయు కంటికి ఒక్క తీరుననే ఉండును. ఈ పోలికయే అనేకుల ప్రాణములు తీయుచున్నది.

భారతదేశమున 2018 మొదలు వరుసగా పెక్కు సంవత్సరములు, ఏటేటా పది వేలకు మించిన జనులు విద్యుదాఘాతము వలన మరణించినట్లు జాతీయ నేర గణాంక సంస్థ ప్రకటించిన లెక్కలు తెలుపుచున్నవి. వీరందరును తీగల దాపున మరణించినవారు కారు. ఇండ్లలోను, పొలములలో మోటార్ల వద్దను ప్రాణములు పోగొట్టుకొన్నవారును ఇందు కలరు. కాని వీరిలో ఒక వర్గమును ప్రత్యేకముగ తలచుకొనవలసియున్నది. వారు విద్యుత్తు పనివారు కారు. ఇల్లు కట్టు మేస్త్రీ, గోడకు రంగు వేయు కూలి, బోరుబావి బండిమీది కుర్రవాడు, గడ్డిలారీపై కూర్చున్న హమాలీ, షామియానా గుంజ పాతువాడు - వీరి చేతిపని వేరు, వీరి చూపు ఆ పనిమీదనే ఉండును. తీగ వారి వెనుకనో, తలపైననో ఉండును.

మరునాడు పత్రికలో రెండు పంక్తుల వార్త వచ్చును. చదివినవారిలో కొందరు అజాగ్రత్త అందురు. కొందరు విధి అందురు. ఈ రెండు మాటలును ఆలోచనను అక్కడితో ఆపివేయును. నిజమునకు ఇట్టి మరణము ఆ క్షణమున నిర్ణయమైనది కాదు. పనిని ఎక్కడ, ఏ సాధనముతో, తీగకు ఎంత దూరమున చేయవలెనని ముందుగ నిర్ణయించినవాడు తీగను లెక్కలోనికి తీసికొనెనా, లేదా? ప్రశ్న అదియే. ఆ లెక్క ఎట్టిదో తెలిసికొన్నచో, అజాగ్రత్త అను మాట ఎవరికి చెందునో కూడ తెలియును.

గాలియే తొడుగు

ఇంటిలోని తీగలకు తొడుగు ఉండును గనుక స్తంభములమీది తీగలకును ఉండునని చాలమంది తలంతురు. ఎండకు వానకు మాసి నల్లబడిన అల్యూమినియము దూరమునుండి తొడుగు వలెనే కనబడును. కాని మన ఊళ్లలోని తీగలలో అత్యధికము దిగంబరములే. హెచ్చు వోల్టులకు తగిన తొడుగు వేసినచో తీగ బరువెక్కును, వేడి బయటకు పోదు, వ్యయము పెరుగును. అందుచేత ఇంజనీర్లు గాలినే తొడుగుగ ఎంచుకొనిరి. గాలికి ఖరీదు లేదు. ఒకసారి మెరుపు దూకినను మరల తనంతట తాను బాగుపడును. ఒక్క లోపము మాత్రము కలదు. ఇంటి తీగ తొడుగును కోయవలెనన్న కత్తి కావలెను. గాలి తొడుగును తొలగించుటకు దగ్గరకు పోవుటయే చాలును.

తీగను స్తంభమునకు పట్టియుంచు పింగాణీ గిన్నెలను విద్యార్థులు చూచియేయుందురు. అవి తీగకు, ఇనుమునకు నడుమ ఉంచవలసిన దూరమునకు గుర్తులు. 33 వేల వోల్టుల తీగకు సాధారణముగ మూడు బిళ్లలును, 1,32,000 వోల్టులకు తొమ్మిదియో పదియో బిళ్లలును వ్రేలాడుచుండును. వోల్టులు పెరిగినకొలది దూరము పెరుగవలెనను సూత్రము ఆ వరుసలోనే కనబడుచున్నది.

మరి కాకి యేల చావదని పిల్లలు అడుగుదురు. మంచి ప్రశ్న. కాకి రెండు కాళ్లును ఒకే తీగమీద ఉన్నవి. ఆ రెండు కాళ్ల నడుమ వోల్టుల భేదము లేదనదగినంత స్వల్పము. భేదము లేనిచోట ప్రవాహము లేదు. అదే కాకి రెక్క చాచి ప్రక్క తీగనుగాని, భూమికి కలిసియున్న ఇనుపకమ్మినిగాని తాకినచో తక్షణమే మాడిపోవును. నేలపై నిలిచిన మనిషికి, నిచ్చెనమీది మనిషికి, తడి గోడపైనున్న మనిషికి కాకికి గల రక్షణ లేదు. అతని కాళ్లు భూమివైన వోల్టులలోనున్నవి; అతని చేతిలోని చువ్వ తీగ వోల్టులను తాకుచున్నది. ఆ భేదమంతయు అతని శరీరము గుండనే దిగవలెను.

దీపమునకు చాలినంతయు అక్కరలేదు

ఎంత ప్రవాహము ప్రాణము తీయును? 230 వోల్టులవద్ద వెలుగు 60 వాట్ల పాతకాలపు దీపము ఇంచుమించు 260 మిల్లీఆంపియర్ల ప్రవాహమును తీసికొనును. మనిషి శరీరము గుండ ఒక్క మిల్లీఆంపియరు పోయినను జిల్లుమనును. పది దాటినచో చేతి కండరములు బిగిసి, పట్టినదానిని విడువలేడు. యాభై, నూరు మిల్లీఆంపియర్ల ప్రవాహము ఛాతీ గుండ క్షణకాలము పోయినను గుండె లయ తప్పి, నెత్తురును నెట్టలేక ఊరక అదరుచుండును. అనగా ఒక చిన్న దీపమును వెలిగించు ప్రవాహములో మూడవ వంతు మనిషి దీపమును ఆర్పుటకు చాలును.

ఇక మన వీధులలోని 11 వేల వోల్టుల వరుసలో ఒక్కొక్క తీగకు భూమితో గల భేదము సుమారు 6,350 వోల్టులు. శరీరపు నిరోధమును వెయ్యి ఓములుగ లెక్కించినచో, ఓమ్ సూత్రము ప్రకారము ఆరు ఆంపియర్లకు పైగ ప్రవాహము పోవలెను. ఇది గుండెను ఆపుటయే కాదు, లోపలి మాంసమును కాల్చును. చాలమంది దెబ్బతో విసరివేయబడి ఎత్తునుండి పడి మరణింతురు. రబ్బరు చెప్పులున్నవి గదా, కర్ర పట్టుకొన్నాడు గదా అనుట ఇంతటి వోల్టుల యెదుట వట్టి మాట. ఎండిన వెదురు సైతము చెమట చేతిలో, ముసురు గాలిలో విద్యుత్తుకు దారియగును.

దూరపు లెక్క

తీగలు ఎంత ఎత్తున, ఎంత ఎడమున ఉండవలెనో మన దేశమున 1956 నాటి భారత విద్యుత్తు నియమములు నిర్దేశించినవి. వాని స్థానమున 2010లో కేంద్ర విద్యుత్తు ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు వచ్చినవి. 2023లో వానిని మరల క్రొత్తగ ప్రకటించిరి. 1956 నియమముల ప్రకారము వీధిని అడ్డముగ దాటు తీగ, తక్కువ వోల్టులదైనచో నేలకు 5.8 మీటర్లు, 11 వేల వోల్టులదైనచో 6.1 మీటర్లు ఎత్తున ఉండవలెను. కట్టడముపై తక్కువ వోల్టుల తీగకు 2.5 మీటర్లు, 11 వేల వోల్టుల తీగకు 3.7 మీటర్లు నిలువు దూరము ఉండవలెను. ప్రక్కకు ఈ రెండింటికిని 1.2 మీటర్లు, 33 వేల వోల్టులకు రెండు మీటర్లు.

ఇచ్చట రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది: 11 వేల వోల్టుల విద్యుత్తు గాలిలో దూకగల దూరము కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. మరి మీటర్ల కొలది ఎడమెందుకు? ఆ మిగిలినదంతయు విద్యుత్తు కొరకు కాదు, మనుష్యుని కొరకు. గాలికి తీగ ఊగును, చేయి జారును, కాలు తూలును, కన్ను మోసపోవును. వీనికన్నిటికిని విడిచిన చోటు అది. రెండవది: ఈ కొలతలు కట్టి నిలిచిన గోడకు చెప్పినవి. గోడ కదలదు, చువ్వ యెత్తదు. ఇంటిపై పనిచేయు మనిషి చేయి చాపినచో రెండు మీటర్లు దాటును. చేతిలో ఆరు మీటర్ల గొట్టమున్నచో అతని హద్దు అంత దూరము ముందుకు పోవును. గోడకు చాలిన దూరము పనివానికి చాలదు.

తీగ ఎత్తు సైతము స్థిరము కాదు. ఎండకును, తనలో పారు ప్రవాహమునకును తీగ వేడెక్కి సాగును. ఒక చిన్న లెక్క చూడుడు. నూరు మీటర్ల ఎడముననున్న రెండు స్తంభముల నడుమ తీగ ఒక్క మీటరు క్రిందికి వ్రేలాడుచున్నదనుకొందము. దాని పొడవు నూరు మీటర్లకంటె సుమారు 2.7 సెంటీమీటర్లు మాత్రమే ఎక్కువ. వేడిమి ముప్పది డిగ్రీలు పెరిగినచో ఉక్కు, అల్యూమినియము పేనిన తీగ మరియొక 5.7 సెంటీమీటర్లు సాగును. బిగువు తగ్గుటచే తీగ కొంత ముడుచుకొనును. దానిని లెక్కలోనికి తీసికొననిచో, వ్రేలాట ఒక మీటరునుండి ఇంచుమించు 1.77 మీటర్లకు దిగును. ఆరు సెంటీమీటర్లకు లోబడిన సాగుదల, ముప్పావు మీటరు క్రుంగుదల అయినది. ఉదయమున తప్పిన తలమీది తీగ మధ్యాహ్నము తప్పకపోవచ్చును.

క్రిందనున్న నేల కూడ మారుచుండును. రోడ్డు వేసినప్పుడెల్ల దాని మట్టము కొంత పెరుగును. పల్లమును మట్టితో నింపుదురు. పొలమునకై వేసిన తీగ క్రింద ఇండ్లు లేచును. ఒక అంతస్తు ఇల్లు రెండంతస్తులగును. తీగ వేసిన నాడు సరిపోయిన దూరము పదియేండ్లకు సరిపోవునన్న నమ్మకము లేదు.

న్యూయార్కు నేర్చుకొన్న పాఠము

ఈ విషయమున ప్రపంచమును కదిలించిన సంఘటన ఒకటి 1889వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన న్యూయార్కు నగరమున జరిగినది. ఆ కాలమున ఆ నగరపు వీధులలో తంతి తీగలు, టెలిఫోను తీగలు, దీపముల తీగలు కలగాపులగముగ స్తంభములపై అల్లుకొనియుండెడివి. జాన్ ఫీక్స్ అను తంతి పనివాడు పనికిరాని తీగలను తొలగించుటకు స్తంభమెక్కెను. తంతి తీగలలో ఉండు స్వల్ప ప్రవాహము వలన అపాయము లేదు. కాని ఎక్కడనో దూరమున ఒక తంతి తీగ హెచ్చు వోల్టుల దీపపు తీగను తాకియుండెను. ఫీక్స్ చేయి వేసిన తీగ అతడెరిగిన తీగయే. అందులోని ప్రవాహము మాత్రము అతడెరిగినది కాదు. మధ్యాహ్నపు వేళ, వందలాది జనులు చూచుచుండగ, ఆ తీగల వలలోనే అతడు ప్రాణము విడిచెను.

నగరమంతయు అట్టుడికినది. ప్రమాదకరమైన తీగలను నరికివేయుడని నగరాధికారులు ఆజ్ఞాపించిరి. కంపెనీలు న్యాయస్థానమునకు పోయినవి. తుదకు ఆ సంవత్సరాంతమునకే స్తంభములను పడగొట్టుట మొదలైనది. ఆ నగరపు నడిబొడ్డున తీగలు నేలలోనికి పోవుటకు ఈ సంఘటన బలమైన కారణమైనది. ఫీక్స్ అజాగ్రత్త గలవాడని ఎవరును అనజాలరు. అతడు తన వృత్తి తెలిసినవాడు. తప్పు అతని చేతిలో లేదు. అతని కంటికి అందనిచోట, తీగలను అట్లు అల్లనిచ్చిన ఏర్పాటులో ఉన్నది.

ఆనాడు నేర్చిన పాఠము నేటి లైన్‌మనుల పనిలో నియమమై నిలిచినది. ఆగిపోయినదని చెప్పిన తీగ ఆగినది కాదు. పరీక్షించి, భూమికి కలిపిన తీగయే ఆగినది. సబ్‌స్టేషనులో లైను ఆపి, ఆపినట్లు వ్రాతమూలముగ అనుమతి పొందుటను మనవారు లైన్ క్లియరు అందురు. అటుపై స్విచ్చికి తాళము వేయవలెను. తీగను పరీక్షా సాధనముతో చూడవలెను. పనిచేయు చోటుకు రెండు ప్రక్కలను ఎర్తింగు గొలుసులు తగిలింపవలెను. ఇంత ఏల అనవచ్చును. ఊరిలో కరెంటు పోయినంతనే ఎవరో తమ ఇంట జనరేటరు ఆడింతురు. అది సరియైన స్విచ్చి లేక ఇంటి తీగలకు కలిసినచో, ఆ విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మరులోనికి వెనుకకు పోయి, అచ్చట హెచ్చు వోల్టులుగ మారి, స్తంభముమీదనున్నవాని చేతికి వచ్చును. ఎర్తింగు వేసియున్నచో అది భూమిలోనికి దిగిపోవును. లేనిచో అతని శరీరము గుండ దిగును.

పొడుగు వస్తువులు, ఎత్తైన యంత్రములు

లైన్‌మనుకు నియమములైనను ఉన్నవి. ఇతర పనివారికి అవియును తెలియవు. వారి మరణములను పరిశీలించినచో ఒకే కథ రూపములు మార్చి వచ్చుచుండును: పొడుగైన లోహపు వస్తువు పైకి లేచినది.

ఇంటి కప్పుకు వాడు ఇనుప చువ్వలు అంగడినుండి పన్నెండు మీటర్ల పొడవున వచ్చును. క్రిందివాడు అందించును, పైవాడు లాగును. చువ్వ మొన పైవాని చేతిని దాటి, అతని వెనుక గాలిలో ఊగుచు పోవును. లాగువాని కండ్లు క్రిందివానిమీద ఉండును; వెనుక తీగ ఉండును. ఇందులో ఎవరిది అజాగ్రత్త? ఆ చువ్వలను తీగ ఉన్న ప్రక్కనుండి పైకి చేర్చుడని చెప్పినదెవరు? ఇంటి రెండవ ప్రక్కనుండి చేర్చినచో, లేదా నేలమీదనే తునుకలుగ కోసి చేర్చినచో ఈ మరణమే లేదు.

రంగులు వేయువాని అల్యూమినియము నిచ్చెనయు అట్టిదే. పండుకొనబెట్టి తీసికొనిపోవలసినదానిని నిలబెట్టి తీసికొనిపోవుదురు. బోరుబావి బండి స్తంభము పైకి లేచునప్పుడు నడుపువాడు యంత్రపు మీటలవద్ద ఉండును. పై మొన ఎక్కడికి పోయెనో అతనికి కనబడదు. టిప్పరు లారీ ఇసుక పోసి, తొట్టి దింపకయే కదలును. గడ్డిమోపుల లారీపై కూర్చున్నవాడు వంగి తప్పుకొందునని అనుకొనును. యంత్రము తీగను తాకినప్పుడు లోపలివాడు బ్రతికి, బండిని ముట్టుకొని నేలపై నిలిచియున్నవాడు మరణించుటయు కలదు. ఏలయన బండిలోని వోల్టులు నేలకు దిగుటకు అతడే దారి.

2022 ఏప్రిలు 27వ తేదీన తమిళనాడులోని తంజావూరు దగ్గర కలిమేడు గ్రామమున ఉత్సవ రథము హెచ్చు వోల్టుల తీగను తాకి 11 మంది మరణించిరి. అది పనిస్థలము కాదు. కాని లెక్క అదియే. ఎత్తైన వస్తువు, క్రుంగిన తీగ, నడుమ కొలువని దూరము.

మొదటి మెట్టు మొదట

నివారణోపాయములు నాలుగు మెట్లుగ ఉన్నవి. పైమెట్టు అన్నిటికంటె గట్టిది. క్రిందిమెట్టు అన్నిటికంటె బలహీనము. శోచనీయమైన సంగతి ఏమనగా, మనము తరచుగ క్రిందిమెట్టుతోనే తృప్తి పడుదుము.

మొదటి మెట్టు, తీగను గాని పనిని గాని తొలగించుట. లైనును ప్రక్కకు మార్పింపవచ్చును. ఇరుకు వీధులలో తొడుగు గల కేబులు వేయింపవచ్చును. ఇటుకల రాశిని, ఇనుప చువ్వలను, బోరు గుంతను తీగకు దూరముగ ఎన్నుకొనవచ్చును. రెండవ మెట్టు, పని జరుగునంతసేపు లైను ఆపించి, భూమికి కలిపించుట. మూడవ మెట్టు, అడ్డు కట్టుట. తీగ క్రింద బండ్లు పోవలసియున్నచో, దారికి ఇరుప్రక్కల కర్ర గుంజలు పాతి, తీగకంటె చాల తక్కువ ఎత్తున అడ్డకర్ర కట్టుదురు. ఎత్తైన బరువు మొదట ఆ కర్రను తాకి ఆగును; తీగవరకు పోదు. నాలుగవది, మనుష్యుని కాపలా: వేరు పని ఏమియు లేక, తీగను యంత్రపు మొనను మాత్రమే చూచుచు, ఆపుమని కేక వేయగల ఒక మనిషి. హెచ్చరిక పలకయు, శిరస్త్రాణమును ఈ నాలుగింటికి తరువాతి మాటలు. చదువరాని కూలికి పలక ఏమి చెప్పును? నెత్తిమీది టోపీ పదకొండు వేల వోల్టులను ఎట్లు ఆపును?

అమెరికాలో క్రేనుల పనికై 2010లో చేసిన నియమము ఆలోచింపదగినది. పని ఆరంభించుటకు ముందే, క్రేనును ఎంత దూరము చాపినను దాని ఏ భాగమైనను తీగకు ఇరువది అడుగుల లోపలికి రాగలదా అని నిర్ణయింపవలెను. 3,50,000 వోల్టుల వరకు ఇదే కొలత. రాగలిగినచో, లైను ఆపించుటయో, హద్దు దాటకుండ ఏర్పాట్లు చేయుటయో జరుగవలెను. తీగలో విద్యుత్తు లేదని రుజువు కానంతవరకు ఉన్నదనియే భావింపవలెను. ఇందు కూలివాని జాగ్రత్త ప్రసక్తియే మొదట రాదు. పని పెట్టినవాని నిర్ణయమే మొదట వచ్చును.

మన నియమములలోను ఈ భావము లేకపోలేదు. తీగల దగ్గర కట్టడము గాని, పరంజా గాని లేపదలచినవాడు ముందుగ విద్యుత్తు సరఫరాదారునకును, విద్యుత్తు తనిఖీ అధికారికిని వ్రాతపూర్వకముగ తెలుపవలెనని 1956 నియమములే చెప్పినవి. చువ్వలు, గొట్టములు తీగల దాపున తీసికొనిపోవలసివచ్చినచో, అధికారమొసగబడిన వ్యక్తి పర్యవేక్షణలోనే తీసికొనిపోవలెను. తీగల క్రింద సామగ్రి కుప్పలు వేయరాదు. నియమము కలదు, దానిని ఎరిగిన ఇంటి యజమానులు, మేస్త్రీలు ఎందరో అనునదియే ప్రశ్న.

ఇచ్చట యజమాని పక్షమును కూడ వినవలెను. లైను ఆపించుటకు అర్జీ పెట్టి, రుసుము కట్టి, రోజులు వేచియుండుట అతనికి నష్టము. సిమెంటు గట్టిపడును, కూలీలకు దినవేతనము పోవును. ఈ ఆలస్యమే చాలమందిని "ఒక్క గంట పనియే గదా" అను మాటకు దింపును. కనుక సులభముగ, త్వరగ లైను ఆపియిచ్చు ఏర్పాటు విద్యుత్తు కార్యాలయములు చేయుట ప్రాణరక్షణలో భాగము. అట్లే, ఆనాటి కూలిపై ఆధారపడిన మనిషికి "నేనీ పని చేయను" అను ధైర్యము ఎచ్చటనుండి వచ్చును? కాదన్నచో మరియొకడు వచ్చును. కాదనగల శక్తి కలవాడు యజమాని, కంట్రాక్టరు, మేస్త్రీ. శక్తి ఎవరియందు కలదో బాధ్యతయు వారియందే ఉండవలెను.

తీగ తెగిపడినప్పుడు

కొన్ని వేళల మనిషి తీగవద్దకు పోడు. తీగయే మనిషివద్దకు వచ్చును. 2022 జూను 30వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలమున పొలము పనికి పోవుచున్న ఆటోపై విద్యుత్తు తీగ పడి, మంటలు లేచి, ఐదుగురు కూలి స్త్రీలు మరణించిరి. ఇట్టిచోట పనివారు చేయగలిగినది ఏమియు లేదు. లైనులను వేళకు పరీక్షించుట, కొమ్మలు నరికించుట, తీగ తెగినంతనే ప్రవాహమును ఆపు సాధనములను సరిగ నుంచుట నిర్వాహకుల విధి.

నేలపై పడినంత మాత్రమున తీగ చచ్చినదని తలపరాదు. ఎండిన నేలలోనికి ప్రవాహము స్వల్పముగ పోవుటచే, సబ్‌స్టేషనులోని సాధనము దానిని గుర్తింపకపోవచ్చును. పడినచోటి చుట్టు నేలలో వోల్టులు వలయములుగ తగ్గుచు పోవును; పెద్ద అంగ వేసినచో ఒక కాలు హెచ్చు వోల్టులలోను, ఒక కాలు తక్కువ వోల్టులలోను పడును. పశువుల ముందుకాళ్లకు వెనుకకాళ్లకు ఎడమెక్కువ గనుక అవి త్వరగ బలియగును. కనుక పది మీటర్లకు తక్కువ కాకుండ దూరముగ ఉండి, ఇతరులను ఆపి, 1912 సంఖ్యకు గాని, దగ్గరి సబ్‌స్టేషనునకు గాని తెలుపవలెను. అప్పటికే దాపున చిక్కినవాడు పాదములు రెండును కలిపి, ఎత్తకుండ కొంచెము కొంచెముగ జరుపుచు బయటపడవలెను. తీగ బండిపై పడినచో లోపలనే కూర్చుండవలెను. మంటలు లేచినప్పుడు మాత్రము బండిని, నేలను ఒకేసారి తాకకుండ, కాళ్లు రెండును కలిపి దూకవలెను.

తీగకు అంటుకొన్నవానిని లాగబోయి రెండవవాడు, మూడవవాడు మరణించుట మన ఊళ్లలో పరిపాటి. ప్రేమయే అక్కడ మృత్యువగును. ముందు లైను ఆగవలెను. అటుపిమ్మటనే చేయి వేయవలెను. తరువాత ఊపిరి లేనిచో వెంటనే ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషమునకు నూటినుండి నూట ఇరువది సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతున నొక్కుచు, 108 వాహనము వచ్చువరకు మానరాదు. లయ తప్పిన గుండె కలవారిలో కొందరు ఈ సహాయముచేతనే బ్రతుకుదురు.

పాఠశాల చేయదగిన పని

ఈ జ్ఞానమును గ్రామమునకు చేర్చుటకు పాఠశాలకంటె తగిన చోటు లేదు. ఓమ్ సూత్రము పుస్తకములో కలదు; వ్యాకోచము కలదు; సరూప త్రిభుజములును కలవు. ఇవి మూడును కలిసిన పాఠము బడి బయటనే నిలిచియున్నది.

తీగ ఎత్తును తెలిసికొనుటకు కర్రతో తాకబోవలసిన పని లేదు. అట్లు ఎన్నడును చేయరాదు. దూరమున ఎండలో మీటరు కర్రను నిలిపి దాని నీడను కొలువుడు. అది 0.8 మీటర్లున్నదనుకొందము. అదే సమయమున స్తంభపు నీడ 5.2 మీటర్లున్నచో, స్తంభపు ఎత్తు ఆరున్నర మీటర్లు. స్తంభముల నడుమ తీగ అంతకంటె క్రిందికి వ్రేలాడును. ఇక విద్యార్థులను అడుగవచ్చును: దాని క్రింద గడ్డిలారీ పోగలదా? పన్నెండు మీటర్ల చువ్వను నిలబెట్టవచ్చునా? ఈ లెక్క తీగ దగ్గరకు పోవుటకు అనుమతి కాదు. పోరాదని తెలిసికొనుటకు సాధనము.

పిల్లలు ఇంటికి పోయి తమ వీధిలో ఏ మేడమీదికి తీగ వంగియున్నదో, ఏ స్తంభము ఒరిగియున్నదో, ఏ తీగ క్రింద ఇటుకలు పేర్చియున్నారో చూచి, జాబితా వ్రాయవచ్చును. ఉపాధ్యాయుడు దానిని విద్యుత్తు కార్యాలయమునకు పంపవచ్చును. నేటి విద్యార్థులలోనే రేపటి మేస్త్రీ, కంట్రాక్టరు, ఇంజనీరు, ఇంటి యజమాని ఉన్నారు. కూలివాడు పనిలో దిగుటకు ముందు ఒక్క నిమిషము తల యెత్తి చూచి, "ఈ ప్రక్క వద్దు, ఆ ప్రక్కనుండి చేర్చుడు, రేపు లైను ఆపించిన తరువాత చేయుదము" అని చెప్పవలసినవారు వీరే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మన సామెత. ఈ నిప్పు చేతులు కాల్చి ఊరుకొనునది కాదు గనుక, ఆకులు ముందే పట్టుకొనవలెను.